ధరవరల వెనుక కథ

నిన్నటి ధర నేడు ఏల మారినదను ప్రశ్నకు సమాధానము ఒక్కొక్కప్పుడు ఖండాంతరమున లభించును. బొంబాయి ప్రత్తి బజారు చరిత్రయే ఇందుకు నిదర్శనము.

1861లో అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమైనది. దక్షిణ రాష్ట్రముల రేవులను ఉత్తరపక్షపు నౌకాదళము దిగ్బంధించుటచే లాంకషైర్ మిల్లులకు ప్రత్తి కరవైనది. మిల్లుదారుల చూపు భారతదేశమువైపు మరలినది. బొంబాయిలో ప్రత్తి ధర అంతకంతకు పెరిగి, ధనము వరదవలె వచ్చిపడినది. ఆ ధనముతో క్రొత్త బ్యాంకులు, సముద్రమును పూడ్చి నేలను సంపాదింపబూనిన కంపెనీలు వెలసినవి. బ్యాక్ బే కంపెనీ వాటా ముఖవిలువ 5,000 రూపాయలు. బజారులో దాని వెల అనేక రెట్లు పెరిగినది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఆ బజారుకు మకుటములేని మహారాజుగా వెలుగొందెను.

1865 వసంతమున యుద్ధము ముగిసినది. ఆ శాంతివార్త లోకమునకు శుభము. బొంబాయి వర్తకులకు అశనిపాతము. ప్రత్తి ధర కూలెను. వాయిదా బేరములు తీరవలసిన జూలై 1వ తేదీన ఎందరో బాకీలు చెల్లింపజాలక దివాలా తీసిరి. వాటాల హామీపై అప్పులిచ్చిన బొంబాయి బ్యాంకు సయితము దెబ్బతిని, 1868లో మూతపడినది.

ఆ నగరపు వాటాల దళారులు 1875లో ఒక సంఘముగా ఏర్పడిరి. నేటి బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజికి అదియే మూలము.

పరుల కొరతవలన పెరిగిన ధర ఆ కొరత తీరినంతనే దిగును. ధరవరలు చదువునపుడు అంకెతోపాటు దాని కారణమును గూడ విచారించుట గృహస్థునకు శ్రేయస్కరము.