రిప్లే వింతలు, పెర్ల్‌రాత్ రుజువులు

1918 డిసెంబరు 19న ‘న్యూయార్క్ గ్లోబ్’ పత్రికలో చిన్న చిన్న బొమ్మలన్నీ కలిపి గీసిన కార్టూన్ ఒకటి అచ్చయింది. 100 గజాల దూరాన్ని వెనక్కి పరిగెడుతూ 14 సెకన్లలో ముగించిన మనిషి, నీళ్ల అడుగున 6 నిమిషాలకు పైగా ఊపిరి బిగబట్టిన మనిషి... ఇలా అన్నీ ఆటల లోకపు విడ్డూరాలే. గీసినవారు రాబర్ట్ రిప్లే. 1890లో కాలిఫోర్నియాలోని శాంటా రోజాలో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికల్లో చేయి తిప్పుకొని, 1912లో న్యూయార్క్ చేరిన చిత్రకారుడు ఆయన. ఆ రోజు చెప్పుకోదగ్గ ఆటల కబురేదీ దొరక్క, అప్పటిదాకా పోగుచేసి పెట్టుకున్న వింతలతో జాగా నింపారంటారు. అలా మొదలైన శీర్షికే తరువాత ‘బిలీవ్ ఇట్ ఆర్ నాట్’గా పేరు మార్చుకొని, ఆటలను దాటి లోకంలోని సమస్త విచిత్రాలకూ చోటిచ్చింది.

1922 చివర రిప్లే ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఆ యాత్రలో కాశీ ఆయనను కట్టిపడేసింది. ఏళ్ల తరబడి చేయి పైకెత్తి ఉంచిన సాధువులను, ముళ్ల పడకలపై కూర్చున్నవారిని బొమ్మలుగా గీసి అమెరికా పాఠకులకు పంపారు. ఆ తపస్సు వెనుక ఉన్న విశ్వాసమేమిటో ఆ బొమ్మలు చెప్పలేదు. చూడగానే కళ్లు పెద్దవి చేయించే రూపం మాత్రమే అచ్చుకెక్కింది. రిప్లే పద్ధతిలోని పెద్ద లోటు ఇదే.

యాత్ర ముగించి వచ్చాక విదేశీ పత్రికలు చదివిపెట్టే మనిషి ఆయనకు అవసరమయ్యారు. 1923లో అలా దొరికినవారు నార్బర్ట్ పెర్ల్‌రాత్. నేటి పోలండ్‌లోని టార్నోవ్ నుంచి వలస వచ్చి న్యూయార్క్‌లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న ఆయనకు డజనుకు పైగా భాషలు వచ్చు. ఆ తరువాత అర్ధ శతాబ్దం పాటు, వారంలో దాదాపు ప్రతిరోజూ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ పఠన మందిరంలో కూర్చొని పాత గ్రంథాలు, యాత్రా కథనాలు, వైద్య నివేదికలు తిరగేశారు. రిప్లే దేశాలు తిరిగితే, ఈయన బల్ల ముందు నుంచి కదలలేదు. బొమ్మల కింద సంతకం మాత్రం రిప్లేది ఒక్కటే. పెర్ల్‌రాత్ పేరు పాఠకులకు తెలిసింది బహు తక్కువ. ఈ శీర్షికకు ప్రాణం పోసింది ఆయన తీసి చూపిన ఆధారాలే కనుక ఇది అన్యాయమనే చెప్పాలి.

ఆ ఆధారాల విలువ లిండ్‌బర్గ్ వివాదంలో తెలిసింది. 1927 మేలో వైమానికుడు చార్లెస్ లిండ్‌బర్గ్ ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటి పారిస్‌లో దిగారు. అమెరికా ఆయనను నెత్తిన పెట్టుకుంది. అలా ఆగకుండా దాటినవారిలో ఆయనది 67వ స్థానమని రిప్లే గీశారు. కోపంతో వేల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. లెక్క మాత్రం తప్పు కాదు. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ ఇద్దరూ విమానంలో దాటారు. మరుసటి నెలలో బ్రిటన్ వాయునౌక ఆర్-34లో 31 మంది వచ్చారు, వారిలో ఒకడు దొంగచాటుగా ఎక్కినవాడు. 1924లో జర్మనీ నుంచి వచ్చిన మరో వాయునౌకలో 33 మంది ఉన్నారు. మొత్తం 66. ఒంటరిగా దాటినవారిలో మొదటివాడు లిండ్‌బర్గే, ఆ ఘనతకు భంగమేమీ లేదు. అందరికీ తెలుసుననుకున్న సంగతిని నిజంతోనే తలకిందులు చేయడం ఈ శీర్షికలోని అసలైన హాస్యం.

1929లో పత్రికాధిపతి హర్స్ట్‌కు చెందిన కింగ్ ఫీచర్స్ సంస్థ ఈ కార్టూన్‌ను అనేక పత్రికలకు అందించసాగింది. అదే ఏడాది నవంబరు 3న, అమెరికాకు జాతీయ గీతమే లేదని రిప్లే గుర్తుచేశారు. జనం పాడుకునే ‘స్టార్ స్పాంగిల్డ్ బ్యానర్’కు చట్టపరమైన హోదా లేదు, దాని బాణీ సైతం ఒక ఇంగ్లిష్ వినోద సంఘం పాటది. 1931 మార్చి 3న అధ్యక్షుడు హూవర్ సంతకంతో ఆ పాట జాతీయ గీతమైంది. ఇది రిప్లే ఒక్కరి విజయమని రాసేవారున్నారు. అంతకు ముందు నుంచే కాంగ్రెస్‌లో బిల్లులు పెట్టినవారిని, లక్షల సంతకాలు సేకరించిన మాజీ సైనికులను మరచిపోవడం తగదు.

క్రమంగా పాఠకులే వింతలు పంపడం మొదలుపెట్టారు. 1937లో గుండుసూదులు, బ్లేడ్లు మింగే తమ ఇంటి కుక్క బొమ్మ గీసి పంపిన 14 ఏళ్ల కుర్రాడు చార్లెస్ షుల్జ్. అచ్చయిన ఆయన మొదటి బొమ్మ అదే. తరువాత ఆయనే ‘పీనట్స్’ కార్టూన్ సృష్టికర్త అయ్యారు, అందులోని కుక్క స్నూపీకి స్ఫూర్తి ఇదే. కవరు మీద చిరునామాకు బదులు బొమ్మో, సంకేత లిపో వేసి రిప్లేకు చేరుతుందో లేదో చూడటం కూడా జనానికి సరదా అయింది. గుమాస్తాల కాలం వృథా అవుతోందని, అలాంటి ఉత్తరాలు బట్వాడా చేయవద్దని 1930లో తపాలా శాఖ ఆదేశించాల్సి వచ్చింది.

1933లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో రిప్లే తన వింతలకు శాల తెరిచారు. 20 లక్షల మందికి పైగా చూశారు. కుదించిన నరశిరస్సులతో పాటు అసాధారణ దేహాలున్న మనుషులనూ వేదిక ఎక్కించిన శాల అది. కొందరికి అది జీవనోపాధే కావచ్చు. అయినా మనిషిని వస్తువుల వరుసలో నిలబెట్టిన ఆ భాగాన్ని మెచ్చుకోవడం కష్టం.

1949 మే 27న రిప్లే మరణించారు. ఆయన పోగుచేసిన వస్తువులు వేలానికి వచ్చాయి. 1950లో ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో ఆయన పేరిట మొదటి శాశ్వత ప్రదర్శనశాల తెరుచుకుంది. కార్టూన్ ఇతర చిత్రకారుల చేతుల్లో కొనసాగింది. దానికి కావలసిన వింతలను పెర్ల్‌రాత్ అదే లైబ్రరీ నుంచి 1975 వరకు అందిస్తూ వచ్చారు.