పళ్లెం నుంచి చిప్‌ దాకా

1950ల మొదట్లో చాలా అమెరికా కంపెనీల ఖాతాలు పంచ్ కార్డుల మీదో, టేపుల మీదో ఉండేవి. టేపు చివర ఉన్న లెక్క కావాలంటే మొదటి నుంచీ చుట్టుకుంటూ పోవాల్సిందే. కావలసిన చోటికి నేరుగా వెళ్లే దారి కోసం 1952లో ఐబీఎం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఓ చిన్న ప్రయోగశాల తెరిచి, ఒకప్పటి స్కూలు టీచరు రేనాల్డ్ జాన్సన్‌కు అప్పగించింది.

అక్కడి పని చూస్తే రంగుల దుకాణం గుర్తొచ్చేది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగును పలచటి మేజోడుతో వడకట్టేవారు. కాగితం కప్పుతో కొలిచి, గిర్రున తిరుగుతున్న అల్యూమినియం పళ్లెం మధ్యలో పోసేవారు. ఆ విసురుకు రంగు అంచుల దాకా సమంగా పరుచుకునేది. రెండడుగుల వెడల్పున్న అలాంటి పళ్లేలు 50 పేర్చి, 1956 సెప్టెంబరులో రామాక్ అనే డిస్కు యంత్రాన్ని ప్రకటించారు. అందులో పట్టింది 50 లక్షల అక్షరాలే. కోరిన సమాచారం చేతికి రావడానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. నెల అద్దె 3,200 డాలర్లు. అయినా వ్యాపారులు దాన్ని కోరి తెచ్చుకున్నారు, ఎందుకంటే ఏ ఖాతానైనా అప్పటికప్పుడు చూసుకునే వీలు అంతకు ముందు లేదు.

తర్వాత డిస్కులు చిన్నవయ్యాయి, చవకయ్యాయి. తిరగడం మాత్రం తప్పలేదు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కుకైనా సగం చుట్టుకే 4 మిల్లీసెకన్లు దాటుతుంది. ఈలోగా ప్రాసెసర్ కోటి లెక్కలు చేసేయగలదు.

ఆ తిరుగుడుకు స్వస్తి పలికే దారి జపాన్‌లో దొరికింది. తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని, 1987లో దాని నాండ్ రూపాన్ని లోకం ముందుంచారు. ఆక్సైడ్ పొరల మధ్య బంధించిన ఎలక్ట్రాన్లు కరెంటు పోయినా కదలవు. సమాచారం నిలిచేది అలాగే. ఈ ఆవిష్కరణకు తగిన ప్రతిఫలం కోసం మసువోకా తాను పనిచేసిన సంస్థపైనే కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2006లో 8.7 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది. ప్రపంచం జేబుల్లో తిరుగుతున్న ఆవిష్కరణకు అది చాలా తక్కువ.

1991లో శాన్‌డిస్క్ అమ్మిన 20 మెగాబైట్ల ఫ్లాష్ డ్రైవ్ ధర దాదాపు వెయ్యి డాలర్లు. ధర దిగొచ్చే కొద్దీ కొత్త ఇబ్బంది బయటపడింది: చిప్ సిద్ధంగా ఉన్నా, తిరిగే డిస్కుల కోసం వేసిన దారి ఇరుకైంది. పాత పద్ధతిలో ఒకే వరస, అందులో 32 ఆదేశాలు. 2011లో వచ్చిన ఎన్‌వీఎంఈ అనే కొత్త పద్ధతి 65 వేలకు పైగా వరసలకు తలుపు తెరిచింది.

అంతకన్నా వేగం కోసం ఇంటెల్, మైక్రాన్ 2015లో త్రీడీ క్రాస్‌పాయింట్ అనే కొత్త రకం మెమరీని ప్రకటించాయి. నాండ్ కన్నా వెయ్యి రెట్ల దాకా వేగమన్నారు. దానితో ఇంటెల్ చేసిన ఆప్టేన్ డ్రైవులు పది మైక్రోసెకన్ల దరిదాపుల్లో జవాబిచ్చాయి కూడా. కానీ ధర గిట్టుబాటు కాలేదు. 2021లో మైక్రాన్ తప్పుకుంది. 2022లో ఇంటెల్ 55.9 కోట్ల డాలర్ల సరుకు విలువను నష్టంగా రాసుకుని ఆ వ్యాపారాన్ని ముగించింది.

రేపు రాబోయే ఏ మెరుపు స్టోరేజీకైనా అసలు పరీక్ష గిగాబైటు ధర దగ్గరే. పెద్ద డేటా సెంటర్లలో ఇవాళ్టికీ సింహభాగం సమాచారం తిరిగే డిస్కుల మీదే ఉంది.