శిఖిముఖి నుంచి బాలమణి దాకా

బాలల కథలు దాటి, పెద్దల నవలలు ఇంకా అందని వయసువాళ్లకు తెలుగులో చాలాకాలం ఆసరాగా నిలిచినవి 'చందమామ' సీరియళ్లు. 1947 జులైలో మద్రాసులో మొదలైన ఈ మాసపత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 1952లో చేరారు. ఆయన తొలి సీరియల్ 'తోకచుక్క' 1954లో మొదలైంది. తర్వాత పాతికేళ్లలో 'మకరదేవత', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' వంటివి డజను దాకా వచ్చాయి. వాటి మీద రచయిత పేరు అచ్చయ్యేది కాదు. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు గుర్తున్న పాఠకుల్లో చాలామందికి దాసరి పేరు ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు.

ఈ సీరియళ్లలో నాయకుడు తరచుగా ఒంటరివాడు కాదు, పక్కన సాటి స్నేహితుడు ఉంటాడు. 'శిథిలాలయం'లో శిఖిముఖి శబర నాయకుడి కొడుకు, విక్రమకేసరి క్షత్రియ యువకుడు. అడవి తెలిసినవాడూ కోట తెలిసినవాడూ సరిసమానంగా ప్రమాదాలకు ఎదురు వెళ్తారు. 1960ల చివర్లో ఒక గిరిజన యువకుణ్ణి సేవకుడిగా కాక నాయకుడిగా నిలపడం చిన్న విషయం కాదు. 'ముగ్గురు మాంత్రికులు'లో పింగళుడు వల వేసుకుని బతికేవాడు; అతనికి మాంత్రికుల కంటే సొంత అన్నల వల్లే ఎక్కువ కీడు. మంత్రశక్తి భయపెడుతుంది, కానీ తెలివికీ తెగింపుకీ లొంగుతుంది. ఇక్కడ ప్రేమకథ కంటే స్నేహానిదే పెద్దపీట. సాహసానికి బయల్దేరే ఆడపిల్లలు మాత్రం దాదాపు కనిపించరు. అంత గొప్ప కల్పనలో ఇది నిజంగా పెద్ద లోటే.

ఊరూ కులమూ మతమూ ఉన్న పిల్లలు కథల్లోకి గట్టిగా వచ్చింది తర్వాతి తరంలో. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' కావలిలోని ముస్లిం కుటుంబాన్ని ఓ పిల్లవాడి నోట, నెల్లూరు యాసలో చెప్పించాయి. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ అట్టడుగు వర్గాల బాల్యాలతో బొమ్మల పుస్తకాల వరుస తెచ్చింది. అవి 2008లో వెలువడ్డాయి. అందులో తాండూరు ప్రాంతానికి చెందిన గోగు శ్యామల కథలు రెండు ఉన్నాయి. ఒక కథలో బడెయ్య అనే దళిత బాలుడు తల్లి కాళ్లకు చెప్పులు కుడతాడు. రెండో కథలో బాలమణికి ఊళ్లో తాటకి అని పేరు. పొలంలో దొర తన మీద పడబోతే ఎవరి సాయమూ లేకుండా తనే తప్పించుకుంటుంది. లైంగిక దాడి లాంటి విషయాన్ని ఈ వయసు పాఠకుల ముందు దాచకుండా, బెదరగొట్టకుండా పెట్టడంలో శ్యామల నేర్పు కనిపిస్తుంది. ఈ పుస్తకాలు తెలుగుతోపాటు మలయాళంలో, ఇంగ్లిష్‌లో కూడా రావడంతో బాలమణి కేరళ పిల్లలకూ పరిచయమైంది.