చేతి సెర్చిలైటు

చేతి సెర్చిలైటు అనగా ఒక మనిషి మోయగలిగినంత బరువులో ఉండి, దూరాన ఉన్న వస్తువులను చూపగల సన్నని, తీవ్రమైన కాంతిపుంజాన్ని వెలువరించే విద్యుద్దీపం. ఫ్లడ్‌లైటు కాంతిని విశాలమైన ప్రదేశంపై పరుస్తుంది. సెర్చిలైటు అదే కాంతిని ఒకే దిశలో కూడదీసి పంపుతుంది. ఓడలు, పడవలు, అగ్నిమాపక దళాలు, వరద సహాయక బృందాలు, పోలీసులు, అటవీ సిబ్బంది, విద్యుత్ లైన్ల తనిఖీ సిబ్బంది దీనిని వాడుతారు. భారతదేశంలో పోలీసు, అటవీ శాఖల వాడుకలో ఇటువంటి దీపాన్ని డ్రాగన్ లైటు అని కూడా అంటారు.

చాలా చిన్న చోటు నుండి చాలా ఎక్కువ కాంతిని పుట్టించడమే సెర్చిలైటుకు బలం. దాని వలన కలిగే ప్రమాదాలలో చాలావాటికి కూడా ఇదే కారణం. అందువలన దీనిని సాధారణ టార్చిలైటు వలె కాక, వేడి, అధిక వోల్టేజి, అధిక పీడనం కలిగిన యంత్రంగా భావించి వాడాలి.

చరిత్ర

19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఇంగ్లాండుకు చెందిన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ రెండు కర్బన కడ్డీల మధ్య విద్యుత్ చాపాన్ని వెలిగించి చూపాడు. తరువాతి కాలపు సెర్చిలైట్లకు ఈ చాపదీపమే ఆధారమయింది. 1870వ దశకంలో ఫ్రెంచి సైనికాధికారి ఆల్ఫోన్స్ మాంజెన్ తయారుచేసిన దర్పణం వలన కాంతిని సన్నని పుంజంగా పంపడం సులభమయింది. సూయజ్ కాలువలో రాత్రి ప్రయాణం మొదట నిషిద్ధంగా ఉండేది. 1887 నుండి విద్యుత్ సెర్చిలైటు కలిగిన ఓడలను రాత్రివేళ కూడా అనుమతించారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాలను వెదకడానికి 60 అంగుళాల వ్యాసం గల కర్బన చాపదీపాలను వాడారు. వీటికి వాహనం, ప్రత్యేక జనరేటరు, పలువురు సిబ్బంది అవసరమయ్యేవారు. జర్మనీకి చెందిన ఓస్రామ్ సంస్థ 1940వ దశకంలో అభివృద్ధి చేసిన జెనాన్ చాపదీపం 1951లో బయటకు వచ్చింది. కర్బన కడ్డీలను మాటిమాటికీ సర్దవలసిన పని దీనితో తప్పింది. ఆ తరువాత తేలికైన బ్యాటరీలు, ఎల్.ఇ.డి.లు రావడంతో సెర్చిలైటు చేతిలో ఇమిడే పరికరమయింది.

పనిచేసే విధానం

పరావలయ దర్పణపు నాభి వద్ద ఉన్న బిందువు నుండి వెలువడిన కాంతి, దర్పణంపై పరావర్తనం చెంది సమాంతర కిరణాలుగా బయటకు వస్తుంది. నిజమైన దీపం బిందువు కాదు, దానికి కొంత పరిమాణం ఉంటుంది. ఆ పరిమాణం ఎంత ఎక్కువైతే పుంజం అంతగా విచ్చుకుంటుంది. ఉదాహరణకు 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల దర్పణంలో 1 మిల్లీమీటరు వెడల్పు గల చాపాన్ని ఉంచితే, పుంజం సుమారు ఒక డిగ్రీ కోణంలో విచ్చుకొని, ఒక కిలోమీటరు దూరంలో సుమారు 20 మీటర్ల వెడల్పు అవుతుంది. దీపం నాభి నుండి కొద్దిగా జరిగినా పుంజం మధ్యలో చీకటి మచ్చ ఏర్పడుతుంది. కొన్ని సెర్చిలైట్లలో పుంజాన్ని వెడల్పు చేయడానికి దీపాన్ని కావాలనే ముందుకు, వెనుకకు జరిపే ఏర్పాటు ఉంటుంది.

దీపాలలో రకాలు

హాలోజన్ దీపం: టంగ్‌స్టన్ తీగ వేడెక్కి వెలుగుతుంది. ధర తక్కువ. ఎక్కువ శక్తి వేడిగా పోతుంది. దీని బల్బు ఉపరితలం 250 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కుతుంది.

మెటల్ హేలైడు దీపం: లోహ లవణాల ఆవిరిలో చాపం వెలుగుతుంది. 1991లో బి.ఎం.డబ్ల్యు. 7 సిరీస్ కారు హెడ్‌లైట్లలో ఈ రకపు దీపం ప్రవేశించింది. కార్ల కొరకు తయారైన 35 వాట్ల దీపాలనే తరువాత చేతి సెర్చిలైట్లలో కూడా వాడారు. వెలిగించడానికి 20,000 వోల్టులకు పైగా వోల్టేజి కావాలి. పూర్తి ప్రకాశానికి చేరడానికి కొంత సమయం పడుతుంది.

జెనాన్ చాపదీపం: క్వార్ట్జు గాజు బుడగలో రెండు టంగ్‌స్టన్ ఎలక్ట్రోడుల మధ్య అతి చిన్న చాపం ఏర్పడుతుంది. దీని వర్ణ ఉష్ణోగ్రత సుమారు 6,000 కెల్విన్లు. అందువలన వెలుగు పగటి కాంతిని పోలి ఉంటుంది.

ఎల్.ఇ.డి.: ప్రస్తుతం చేతి సెర్చిలైట్లలో విరివిగా వాడబడుతున్నది. అధిక వోల్టేజి, పేలుడు ప్రమాదం ఉన్న బల్బు ఇందులో ఉండవు. కాని వేడిని బయటకు పంపే లోహపు రెక్కలు మూసుకుపోతే కాంతి తగ్గి, ఎల్.ఇ.డి. త్వరగా పాడవుతుంది. లేజరుతో ఫాస్ఫరును వెలిగించే దీపాలు కూడా ఇటీవల వచ్చాయి.

తీవ్రత, దూరం

సెర్చిలైటు సామర్థ్యాన్ని తెలిపేది మొత్తం కాంతిని కొలిచే ల్యూమెన్ కాదు, ఒక దిశలోని తీవ్రతను కొలిచే కాండెలా. పాత ప్రకటనలలో కనిపించే కాండిల్ పవర్ దాదాపు కాండెలాకు సమానం. చేతిదీపాలకు 2009లో అమెరికాలో వెలువడిన ఎఫ్.ఎల్.1 ప్రమాణం ప్రకారం, కాంతి 0.25 లక్సులకు తగ్గే దూరాన్ని పుంజదూరంగా లెక్కిస్తారు. ఇది ఇంచుమించు పున్నమి వెన్నెలంత వెలుగు. విలోమ వర్గ నియమం ప్రకారం 10 లక్షల కాండెలాల దీపానికి ఈ దూరం 2,000 మీటర్లు. దూరాన్ని రెట్టింపు చేయాలంటే తీవ్రతను నాలుగు రెట్లు పెంచాలి.

ఈ సంఖ్య కాంతి చేరే దూరాన్ని మాత్రమే తెలుపుతుంది. ఒక మనిషిని గుర్తించాలంటే ఆ కాంతి తిరిగి చూసేవారి కంటికి కూడా చేరాలి. కనుక వాస్తవంలో ఉపయోగపడే దూరం ఇంతకంటే చాలా తక్కువ.

ఎక్కువ తీవ్రత మాత్రమే మంచి దీపానికి గుర్తు కాదు. అంతర్జాతీయ ప్రాణరక్షక పరికరాల నియమావళి ప్రకారం ఓడల లైఫ్‌బోట్లలో ఉండవలసిన సెర్చిలైటు తీవ్రత 2,500 కాండెలాలు. పై లెక్క ప్రకారం దాని పుంజదూరం 100 మీటర్లే. కాని అది కనీసం 3 గంటలు ఆగకుండా వెలగాలని ఆ నియమావళి కోరుతుంది. అవసరమైన వేళ ఆరిపోయే పెద్ద దీపం కంటే, నమ్మకంగా వెలిగే చిన్న దీపమే ప్రాణాలను కాపాడగలదు.

ప్రమాదాలు

కన్ను: దగ్గర నుండి పుంజంలోకి చూస్తే రెటీనాకు శాశ్వత హాని కలగవచ్చు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2006లో ప్రచురించిన 62471 ప్రమాణం దీపాలను నాలుగు వర్గాలుగా విభజిస్తుంది. వీటిలో అత్యంత ప్రమాదకరమైన మూడవ ప్రమాద వర్గపు దీపాన్ని క్షణకాలం చూసినా హాని కలగవచ్చు. జెనాన్, మెటల్ హేలైడు దీపాలు అతినీలలోహిత కిరణాలను కూడా వెలువరిస్తాయి. ముందరి అద్దం వీటిని అడ్డుకుంటుంది. ఆ అద్దం పగిలిన దీపాన్ని వాడితే వెల్డింగు పనివారికి కలిగే విధంగా కార్నియా కమిలిపోవచ్చు. నొప్పి కొన్ని గంటల తరువాత గాని మొదలు కాదు కనుక ప్రమాదం ఆ సమయంలో తెలియదు.

అగ్ని: వెలుగుతున్న దీపాన్ని ముఖం క్రిందికి ఉండేలా గుడ్డపై గాని, వాహనపు సీటుపై గాని పెట్టరాదు. ముదురు రంగు గుడ్డ, కాగితం, ప్లాస్టిక్ అద్దానికి దగ్గరగా ఉంటే కాలిపోతాయి. సంచిలో ఉండగా పొరపాటున వెలగకుండా స్విచ్చికి తాళం వేయాలి లేదా బ్యాటరీని విడదీయాలి.

పేలుడు: జెనాన్ బల్బులోని వాయువు చల్లగా ఉన్నప్పుడే వాతావరణ పీడనానికి అనేక రెట్లు ఎక్కువ పీడనంలో ఉంటుంది. వెలిగినప్పుడు అది ఇంకా దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది. బల్బు పగిలితే క్వార్ట్జు ముక్కలు తూటాల వలె దూసుకువస్తాయి.

విద్యుత్తు: చాపాన్ని వెలిగించే పరికరంలోని కెపాసిటర్లలో, దీపం ఆర్పిన తరువాత కూడా కొంతసేపు విద్యుదావేశం నిలిచి ఉండవచ్చు.

మండే వాయువులు: వంటగ్యాసు, పెట్రోలు ఆవిరి ఉన్న చోట సాధారణ సెర్చిలైటును వెలిగించరాదు, వెలుగుతున్న దానిని ఆర్పరాదు. స్విచ్చిలోని చిన్న నిప్పురవ్వ చాలు. ఇటువంటి చోట్లకు ప్రత్యేకంగా ధ్రువీకరించిన దీపాలనే తీసుకువెళ్ళాలి. భారతదేశంలో పెట్రోలియం స్థావరాలలో వాడే పరికరాలకు నాగపూర్ కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదం ఇస్తుంది.

వాడే పద్ధతి

1. బయలుదేరే ముందు బ్యాటరీ, స్విచ్చి, ముందరి అద్దం, భుజపు పట్టీలను పరీక్షించాలి. అదనపు బ్యాటరీని, మరొక చిన్న టార్చిని వెంట ఉంచుకోవాలి.
2. దీపాన్ని ఎవరూ లేని దిశకు త్రిప్పి, చుట్టూ ఉన్నవారికి చెప్పి వెలిగించాలి.
3. మెటల్ హేలైడు దీపాన్ని వెంటవెంటనే వెలిగించి ఆర్పరాదు. దాని వలన ఎలక్ట్రోడులు త్వరగా అరుగుతాయి. కొన్ని దీపాలు వేడిగా ఉన్నప్పుడు తిరిగి వెలగవు.
4. దగ్గర నుండి దూరానికి, ఒక ప్రక్క నుండి మరొక ప్రక్కకు నెమ్మదిగా గాలించాలి. ప్రతి గాలింపు ముందుదానిపై కొంత కలిసేలా ఉండాలి. పుంజాన్ని వేగంగా త్రిప్పితే కంటికి గుర్తించే సమయం చాలదు.
5. పని పూర్తయిన తరువాత దీపం చల్లబడేవరకు దానిని సంచిలో పెట్టరాదు. వేడి అద్దంపై చన్నీరు పోయరాదు.

దీపాన్ని ఎక్కడ పట్టుకోవాలన్నది వెదికే వస్తువును, వాతావరణాన్ని బట్టి మారుతుంది. పొగమంచు, వాన, పొగలోని కణాలు కాంతిని వెనుకకు చిమ్ముతాయి. దీపం కంటికి దగ్గరగా ఉంటే ఎదుట తెల్లని గోడ మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు తీవ్రతను పెంచడం వలన చూపు మెరుగుపడదు, పైగా తగ్గుతుంది. దీపాన్ని కంటికి వీలైనంత ప్రక్కకు లేదా క్రిందికి జరపాలి. ఇందుకు భిన్నంగా, లైఫ్ జాకెట్లపై అతికించే ప్రతిఫలన పట్టీలు, జంతువుల కళ్ళు తమపై పడిన కాంతిని వచ్చిన దిశకే తిప్పి పంపుతాయి. వాటిని వెదికేటప్పుడు చూసేవారి కన్ను పుంజానికి దగ్గరగా ఉండాలి. కనుక నీటిలో పడినవారి కొరకు నిర్మలమైన రాత్రి వెదికే పద్ధతి, పొగమంచులో వెదికే పద్ధతి ఒకటి కావు.

చీకటికి అలవాటుపడడానికి కంటికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి తీవ్రమైన కాంతి పడితే ఆ అలవాటు పోతుంది. అందువలన పడవ నడిపేవారి ముఖంపై గాని, పడవలోని తెల్లని భాగాలపై గాని పుంజం పడకుండా చూడాలి. నడిపేవారు, దీపం పట్టేవారు వేరువేరుగా ఉండడం మంచిది.

నిర్వహణ

బ్యాటరీ: సీసపు ఆమ్ల బ్యాటరీని ఛార్జి లేకుండా నిలువ ఉంచితే పలకలపై గట్టి సల్ఫేటు పొర ఏర్పడి పాడవుతుంది. వాడకపోయినా కొన్ని నెలలకొకసారి ఛార్జి చేయాలి. ఛార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ వెలువడవచ్చు కనుక గాలి ఆడే చోట ఉంచాలి. లిథియం అయాన్ బ్యాటరీని దీర్ఘకాలం నిలువ చేయాలంటే సగం ఛార్జితో, చల్లని చోట ఉంచడం మంచిది. అత్యవసర సేవకు సిద్ధంగా ఉంచే దీపానికి మాత్రం పూర్తి ఛార్జి అవసరం. దాని వలన బ్యాటరీ ఆయువు కొంత తగ్గుతుంది కనుక తరచుగా పరీక్షించి, సమయానికి మార్చాలి. సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో సాధారణ లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జి చేయరాదు. ఉబ్బినది, చిల్లు పడినది, ఉప్పునీటిలో తడిసినది తిరిగి వాడరాదు.

అద్దం, దర్పణం: ముందరి అద్దాన్ని చల్లబడిన తరువాత మెత్తని గుడ్డతో తుడవాలి. దర్పణంపై ఉండే అల్యూమినియం పూత చాలా పలుచన. గుడ్డతో రుద్దితే గీతలు పడి పుంజం చెదిరిపోతుంది. దానిపై దుమ్మును రబ్బరు బుడ్డితో ఊది తొలగించాలి.

బల్బు మార్చడం: బ్యాటరీని విడదీసి, దీపం పూర్తిగా చల్లబడనివ్వాలి. హాలోజన్, క్వార్ట్జు బల్బులను వట్టి చేతితో తాకరాదు. చేతి జిడ్డు, ఉప్పు వేడికి గాజును దెబ్బతీస్తాయి. పొరపాటున తాకితే ఆల్కహాలుతో తుడవాలి. జెనాన్ బల్బును మార్చే పని శిక్షణ పొందినవారే చేయాలి. ముఖానికి కవచం, చేతులకు మందపాటి తొడుగులు, ఒంటికి రక్షక దుస్తులు ధరించాలి. తయారీదారు నిర్ణయించిన గంటలు పూర్తయిన బల్బు ఇంకా వెలుగుతున్నా తీసివేయాలి. అది నల్లబడి ఎక్కువ వేడెక్కుతుంది, పేలే అవకాశం పెరుగుతుంది. ఇందుకొరకు వాడిన గంటలను పుస్తకంలో వ్రాసి ఉంచుతారు.

నీటి రక్షణ: ఐ.పి. 67 గుర్తు గల దీపం ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకుంటుంది. రబ్బరు రింగు చిట్లినా, ఛార్జింగు రంధ్రపు మూత తెరిచి ఉన్నా ఈ రక్షణ ఉండదు. సముద్రంలో వాడిన తరువాత మంచినీటితో తుడిచి ఆరబెట్టాలి.

నియమాలు

సెర్చిలైటును విమానాలు, వాహనాలు, ఇతర పడవల వైపు త్రిప్పడం వాటిని నడిపేవారి చూపును హరిస్తుంది. 1972 నాటి అంతర్జాతీయ నౌకా సంఘట్టన నివారణ నిబంధనలలో 36వది, ప్రమాదం ఉన్న దిశకు సెర్చిలైటును చూపి ఇతరులను హెచ్చరించడానికి అనుమతిస్తుంది. అయితే అది ఏ నౌకకూ ఇబ్బంది కలిగించరాదు. విమాన ప్రయాణంలో అదనపు లిథియం బ్యాటరీలను చేతి సామానులోనే ఉంచాలి. 100 వాట్-గంటలు దాటి 160 వరకు గల వాటికి విమానసంస్థ అనుమతి అవసరం.

రాత్రివేళ దీపపు వెలుగులో జంతువులను వేటాడడం అటవీ ప్రాంతాలలో పాత అలవాటు. భారతదేశంలో వన్యప్రాణుల వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరం. ఆంధ్రప్రదేశ్ తీరంలో గ్రుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ పిల్లలు వెలుగు ఎక్కువగా ఉన్న దిశకు కదులుతాయి. గ్రుడ్ల నుండి పిల్లలు వెలువడే కాలంలో తీరంపై తీవ్రమైన దీపాలు వేస్తే అవి సముద్రానికి బదులు గట్టు వైపు వెళ్ళి చనిపోతాయి.

పాడైన బ్యాటరీలు, పాదరసం గల బల్బులను ఇంటి చెత్తలో వేయరాదు. భారతదేశంలో బ్యాటరీ వ్యర్థాల సేకరణకు 2022లో ప్రత్యేక నిబంధనలు వెలువడ్డాయి. పనికిరాని జెనాన్ బల్బులో కూడా పీడనం నిలిచే ఉంటుంది. దానిని తయారీదారు ఇచ్చిన రక్షక పెట్టెలోనే ఉంచి అప్పగించాలి.

ఇవి కూడా చూడండి

టార్చిలైటు
చాపదీపం
పరావలయం
లిథియం అయాన్ బ్యాటరీ