కారుణ్య మరణము: శ్వాసయంత్రము తెచ్చిన సమస్య

వైద్యుని ధర్మము ప్రాణము నిలుపుట. నయము కాని వ్యాధితో బాధపడు రోగి తనను పోనిమ్మని వేడుకొన్నచో ఆ వైద్యుడేమి చేయవలెను? ఈ ప్రశ్న పాతదే. అడిగినను ఎవరికిని ప్రాణాంతకమైన మందు ఈయరాదని హిపొక్రటీసు పేర వాడుకలోనున్న ప్రమాణము చెప్పుచున్నది. సుఖమరణమను అర్థముగల గ్రీకు మాటనుండి 'యూథనేషియా' అను ఇంగ్లీషు పదము వచ్చినది. దానినే మనము కారుణ్య మరణమనుచున్నాము.

అయితే ఈ ప్రశ్నకు నేటి రూపమిచ్చినది ఒక యంత్రము. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో వ్యాధి చెలరేగినది. శ్వాసకండరములు చచ్చుబడి రోగులు మరణించుచుండిరి. బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు రోగి గొంతు క్రింద రంధ్రము చేసి, గొట్టమమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరితిత్తులలోనికి గాలి పంపించెను. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు ఆ సంచులను నొక్కిరి. ఎందరో బ్రతికిరి. తరువాత ఆ చేతుల పనిని వెంటిలేటరు అను శ్వాసయంత్రము చేపట్టినది. యంత్రమునకు అలసట లేదు. తెలివి తిరిగి వచ్చు ఆశ లేనివారికి గూడ అది చాలకాలము ఊపిరినందించగలదు. మరి దానిని ఎప్పుడు ఆపవలెను?

వైద్యులు ఈ ప్రశ్నను మతాచార్యుల యెదుట నుంచిరి. 12వ పయస్ పోపు 1957 నవంబరులో సమాధానమిచ్చెను. సాధారణ చికిత్స చేయించుట విధియే కాని, మోయరాని భారమగు అసాధారణ సాధనములను వాడి తీరవలెనను విధి లేదని దాని సారాంశము. ప్రాణము తీయుటకు మాత్రము ఆయన సమ్మతింపలేదు. మన దేశమునను జైనుల సల్లేఖన వ్రతము, పురాణములలోని ప్రాయోపవేశము ఇట్టి చర్చకే తావిచ్చినవి. 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు సల్లేఖనమును ఆత్మహత్యగా ఎంచగా, ఆ నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపినది.

ఇక న్యాయశాస్త్రము. రాజ్యాంగము 21వ అధికరణము జీవించు హక్కునిచ్చినది. అందులో మరణించు హక్కు లేదని 1996లో సుప్రీంకోర్టు జ్ఞాన్ కౌర్ కేసులో తేల్చినది. 2004 డిసెంబరులో హైదరాబాదులో ఒక కఠినమైన పరీక్ష ఎదురైనది. కండరములు క్షీణించు వ్యాధితో వెంటిలేటరుపైనున్న, చదరంగము ఆటగాడైన 25 ఏండ్ల యువకుడు, తన అవయవములు చెడకముందే వానిని దానము చేయగోరెను. అతని తల్లి హైకోర్టునాశ్రయించెను. మెదడు పనిచేయుచున్న వ్యక్తినుండి అట్లు అవయవములు తీయుటకు చట్టము ఒప్పదు. కోర్టు అనుమతింపలేదు, కొద్దికాలములోనే అతడు మరణించెను. దాత కరుణ గొప్పదే. కాని ప్రాణమున్నవాని నుండి గుండెను తీయుట మొదలైనచో రేపు ఎవరికి రక్షణ?

2011లో అరుణా షాన్‌బాగ్ కేసు వచ్చినది. 1973లో దౌర్జన్యమునకు గురియై అచేతనస్థితిలోనున్న ఆమెను బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రి సిబ్బంది అన్ని యేండ్లు సాకుచుండిరి. వారామె మరణమునకు అంగీకరింపలేదు. కోర్టు ఆమె విషయమున పిటిషనును త్రోసిపుచ్చినను, హైకోర్టు అనుమతితో చికిత్స ఆపవచ్చునని సాధారణ సూత్రమును చెప్పినది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గౌరవముగా మరణించుట జీవించు హక్కులో భాగమనియు, స్పృహలోనున్నప్పుడు వ్రాసిన ముందస్తు వీలునామా చెల్లుననియు తీర్పు చెప్పినది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభము చేసినది.

ఈ చరిత్ర అంతయు ఒక గీత చుట్టు తిరుగుచున్నది: ప్రాణము తీయుట వేరు, పోవు ప్రాణమును యంత్రముతో ఆపకుండుట వేరు. మందు ఇచ్చి చంపుట మన దేశమున నేటికిని నేరమే. నెదర్లాండ్సు 2002నుండి కొన్ని నియమములతో దానిని అనుమతించినది.

అయితే ఆ గీతకు ఇవతల చేయవలసిన పని మిగిలియున్నది. తీవ్రమైన నొప్పికి మార్ఫీను మంచి మందు. మాదకద్రవ్యముల కట్టుదిట్టములచే అది రోగులకు దొరకుట కష్టమగుటచే 2014లో చట్టమును సవరించిరి. చావును కోరు రోగి ఒక్కొక్కప్పుడు బాధనుండి విముక్తినే కోరుచున్నాడేమో! ముందు ఆ బాధను తగ్గించి, తరువాత అతని మాట వినుట న్యాయము. ఉపాధ్యాయులు ఈ రెండు ప్రశ్నలను వేరు చేసి తరగతిలో చర్చించినచో, జీవశాస్త్రము నీతిశాస్త్రముతో ఎక్కడ కలియునో విద్యార్థులకు బోధపడును.