కీమో మందూ, అండాల లెక్కా

ఆడపిల్ల తన అండాలన్నిటితోనే పుడుతుంది. పుట్టిన నాటికి సుమారు 10 నుంచి 20 లక్షలు, రజస్వల అయ్యేసరికి 3-4 లక్షలు. జమ లేని, ఖర్చు మాత్రమే ఉన్న ఖాతా అది. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు దెబ్బ తగిలేది అక్కడే.

ఈ మందు మూలాలు యుద్ధంలో ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రయోగించిన మస్టర్డ్ గ్యాస్ తెల్ల రక్తకణాలను హరిస్తోందని వైద్యులు గమనించారు. ఆ కోవకే చెందిన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక లింఫోమా రోగికి ఎక్కించారు. 1943 డిసెంబరు 2న ఇటలీలోని బారి రేవుపై జర్మన్ విమానాలు బాంబులు వేసినప్పుడు, జాన్ హార్వే అనే ఓడలోని మస్టర్డ్ గ్యాస్ బయటపడింది. దాని బారినపడిన నావికుల రక్తంలోనూ అవే మార్పులు కనిపించాయి. ఆ దారిలోనే జర్మనీలో సైక్లోఫాస్ఫమైడ్ రూపొంది, 1959లో అమెరికా అనుమతి పొందింది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ఔషధ సంస్థలో అందించిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే కీమో మందులది వేరే దారి. అవి ప్రధానంగా విభజన చెందే కణాలపై పనిచేస్తాయి. అందువల్ల మెథోట్రెక్సేట్ నిద్రాణంగా ఉన్న అండాలను చాలావరకు వదిలేస్తుంది. పిండానికి మాత్రం ప్రమాదం కాబట్టి, గర్భం కోరుకునేవారు ముందే ఆపాలి.

సైక్లోఫాస్ఫమైడ్ నిద్రాణ అండాలనూ వదలదు. కాలేయంలో మార్పుచెంది, డీఎన్ఏ పోగులను ఒకదానితో ఒకటి బంధించేస్తుంది. ఎదుగుతున్న అండపుటికలు చచ్చి నెలసరి ఆగుతుంది. నిల్వ బాగా తరిగితే నెలసరి మళ్లీ రాకపోవచ్చు.

వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఈ మందునే వాడిన లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ తనపైనే దాడిచేసే జబ్బు) రోగులపై 1993లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, నెలసరి ఆగిపోయినవారు 25 ఏళ్లలోపువారిలో 12 శాతం కాగా, 31, ఆపై వయసువారిలో 62 శాతం.

పరిష్కారాలు ఆలస్యంగా వచ్చాయి. 2002లో యూరో-లూపస్ పరిశోధన బృందం లూపస్‌కు సైక్లోఫాస్ఫమైడ్ 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరు మోతాదులు చాలని చూపింది. 2004లో బెల్జియంలో జాక్ డోనెజ్ బృందం, దాచిన అండాశయ కణజాలాన్ని తిరిగి అమర్చి బిడ్డ పుట్టేలా చేసింది. 2015లో హార్మోన్ గ్రాహకాలు లేని రొమ్ము క్యాన్సర్ రోగులకు కీమోతోపాటు అండాశయాన్ని తాత్కాలికంగా నిద్రపుచ్చే గోసెరెలిన్ ఇస్తే, అండాశయ వైఫల్యం 22 నుంచి 8 శాతానికి తగ్గింది.

విశాఖ స్టీల్‌ప్లాంట్ చేరువలో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికీ, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కీ ఉత్తరాంధ్ర పల్లెల నుంచి చిన్న వయసు స్త్రీలూ వస్తారు. అండాలు తీసి దాచాలంటే దాదాపు రెండు వారాల ఇంజెక్షన్లు కావాలి. కాబట్టి అండాలు దాచే మాట కీమో తేదీ వేయకముందే రావాలి. పెళ్లయిందా, పిల్లలున్నారా అని చూడకుండా ప్రతి యువతికీ ఈ సంగతి చెప్పి, అండాల నిల్వను తెలిపే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించి, సంతాన సాఫల్య నిపుణుల దగ్గరికి పంపాలి.