చలికాలంలో దుప్పి చోటు

సీతమ్మధార అంటే విశాఖపట్నంలో ఎవరికైనా రైతుబజారు, అపార్టుమెంట్లు గుర్తుకొస్తాయి. పేరులో ఉన్న ధారను ఎవరూ తలచుకోరు. ధార అంటే కొండ మీంచి జారే నీరు. దగ్గర్లోనే మాధవధార ఉంది, సింహాచలం గుడి దగ్గర గంగధార ఉంది, కాస్త ఎడంగా ముడసర్లోవ ఉంది. లోవ అంటే కొండల నడుమ ఈదురుగాలి తగలని చోటు. కొండల్లో పుట్టిన మనకు ఈ పేర్లు వినగానే ఒక సంగతి తడుతుంది. చలికాలంలో దుప్పి చేరే చోట్లకు ఉండే పేర్లు ఇవే.

చలికాలం అంటే అన్నిచోట్లా ఒకటి కాదు. సముద్రం పక్కన చలి పెద్దగా ఉండదు. అక్కడ జంతువుకు కష్టం వేరే. కార్తీకం దాటాక వానలు ఆగుతాయి, కొండమీద గడ్డి ఎండుతుంది, చెట్లు ఆకు రాలుస్తాయి. ఊట ఉన్న గెడ్డ పక్కన మాత్రం పచ్చదనం మిగులుతుంది. చుక్కల దుప్పికి రోజూ నీరు కావాలి. కాబట్టి అది మందగా ఆ పచ్చదనం వైపు దిగుతుంది. కొండముచ్చులు చెట్టెక్కి తింటూ రాల్చిన ఆకులు, కాయలు ఏరుకుంటుంది. కొండగొర్రె అని మనం పిలిచే మొరిగే జింక మాత్రం మందలో కలవదు, పొదల చాటునే ఉంటుంది.

మన్యంలో చలి నిజంగా చలే. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంటారు. ఇప్పుడు పొగమంచు చూడటానికి కార్లలో వచ్చేవాళ్లకు ఈ పేరు చెబితే నవ్వుతారు. చలిగాలి బరువైనది. రాత్రిపూట నీళ్లలాగే పల్లానికి జారి బయలులో నిలుస్తుంది. అందుకే బయలులో మంచు గడ్డకడుతుంది, అదే కొండ నడుం మీద అంత చలి ఉండదు. పైన ఆకుల కప్పు ఉంటే నేల వేడి తొందరగా పోదు, మంచు కూడా ఒంటి మీద పడదు. కాబట్టి జంతువుకు కావలసింది లోవ అడుగు కాదు, లోవ పక్కన చెట్లున్న వాలు. పొద్దుటి ఎండ ముందుగా తగిలే వాలు అయితే ఇంకా మంచిది. మేతకూ నీటికీ కిందికి దిగుతుంది, పడకకు పైకి ఎక్కుతుంది. మూషిక జింక అయితే ఏ రాతి సందులోనో చెట్టు తొర్రలోనో ముడుచుకుంటుంది. అది చిన్నది, దానికి ఆ మాత్రం చోటు చాలు.

ఉత్తర అమెరికాలో అడుగుల లోతున మంచు పడే చోట్ల తెల్లతోక జింకలు ఇదే పని ఇంకా గట్టిగా చేస్తాయి. హెమ్లాక్, సెడార్ చెట్ల కిందికి గుంపులుగా చేరతాయి. ఆ చెట్లు మంచును కొమ్మల మీదే ఆపుతాయి, కింద నేల మీద తక్కువ పడుతుంది. జింకలు అదే దారిలో తిరిగి తిరిగి మంచును తొక్కి బాటలు చేసుకుంటాయి. తల్లి వెంట వచ్చిన పిల్ల మళ్లీ తన పిల్లను అక్కడికే తెస్తుంది. ఆ అడవి నరికితే పక్క అడవికి పోవడం వాటికి సులువు కాదు. వెర్మాంట్ రాష్ట్రంలో 1970 నాటి చట్టం ప్రకారం పెద్ద కట్టడాలకు అనుమతి ఇచ్చే ముందు ఇలాంటి చోట్లకు హాని ఉందా అని చూస్తారు.

మన దగ్గర ఈ చోట్ల చరిత్ర ఎవరు రాశారు? విశాఖపట్నం జిల్లా మీద 1869లో కార్మైకేల్, 1907లో ఫ్రాన్సిస్ పెద్ద పుస్తకాలే రాశారు. జమీందార్లు, పన్నులు, కొండజాతులు అన్నీ వాటికి ఎక్కాయి. దొరల క్యాంపులు, వేటలు సాగింది కూడా చలికాలంలోనే. జంతువు ఏ లోవలో ఉందో చూపించడానికి, డప్పు కొట్టి దాన్ని తుపాకీ ముందుకు తోలడానికి కొండవాళ్లే కావాలి. మన ఇటుకుల పండగ వేట చైత్రంలో వస్తుంది, చలిలో కాదు. దీన్ని మన దయ అని గొప్పగా చెప్పుకోనక్కర్లేదు. చలి నెలల్లో చోడి, సామ, వలిసె కోతలు, నూర్పులు, మంచె మీద కాపలా. చేతినిండా పని. అయినా ఆ నెలల్లో జంతువుకు కాస్త ఊపిరి దొరికిన మాట నిజం.

తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది, పోడు నేరమైంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన రోడ్డులో చాలీచాలని కూలికి మన తాతలు రాళ్లు మోశారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్ల కోపంలో ఆ రోడ్డు కూడా ఉంది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకుంది. 1960లలో బైలదిల్లా ఇనుపరాయిని ఆ రేవుకు దింపడానికి అరకు కొండలను తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలు వేశారు. పట్నం పెరిగి కొండ కాళ్ల దాకా వచ్చింది. మిగిలిన దానిలో కంబాలకొండ ఒకటి. ఒకప్పుడు విజయనగరం రాజులది, 1970 నుంచి అటవీశాఖది, 2002లో అభయారణ్యం అయింది. సుమారు 71 చదరపు కిలోమీటర్లు. కణితి, దుప్పి, చిరుత ఇంకా అక్కడ ఉన్నాయి. కొండ పై భాగానికి కంచె దొరికింది గాని, కింది ధారలు చాలావరకు ఇళ్ల మధ్యకు పోయాయి.

బడిలో మేం పిల్లలను చలికాలంలో దుప్పి ఎక్కడ పడుకుంటుందని అడుగుతుంటాం. ఊళ్లో ఉండి వచ్చే పిల్లలు వాలు పేరుతో సహా చెబుతారు. చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాలలో చేరినవాళ్లు "జూలో" అంటారు. తప్పు పిల్లలది కాదు, ఆ మాట వాళ్లకు చెప్పే తాత దగ్గర వాళ్లు పెరగలేదు. పాఠ్యపుస్తకం జింక గడ్డి తింటుందని చెప్పి ఊరుకుంటుంది.

ఇప్పుడు మన కొండల్లో పంప్డ్ స్టోరేజీ కరెంటు ప్రాజెక్టుల మాట నడుస్తోంది. అనంతగిరి మండలం పెదకోట దగ్గర ఒకటి. దీనికి రెండు జలాశయాలు కావాలి. పైది కొండ మీద, కిందిది లోవలో. నీళ్లు నిలిచేది దుప్పి మేతకు దిగే నేల మీద. 2006 అటవీ హక్కుల చట్టం అడవినీ అందులోని జంతువులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. సభలో భూమి, చెట్ల లెక్క చెప్పేటప్పుడు లోవ పేరు, ఏ వాలున ఏ జంతువు చలి గడుపుతుందో కూడా పెద్దల చేత చెప్పించి తీర్మానంలో రాయించాలి. రాయడం వచ్చిన మనమే ఆ పుస్తకం పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోవాలి.